హెస్పీరియా కేసు, 1879: ఓడలో రోగం లేదని చెప్పే అధికారం ఎవరిది?

1879 జూలైలో హెస్పీరియా అనే జర్మన్ ఓడ జపాన్ ప్రభుత్వం పెట్టిన క్వారంటైన్‌ను ఖాతరు చేయకుండా యొకొహామా రేవులోకి వెళ్ళిపోయింది. దొంగచాటుగా ఏమీ వెళ్ళలేదు. జర్మనీ రాయబారి అనుమతితో, జర్మన్ యుద్ధనౌకను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ ఏడాది జపాన్‌లో కలరా బారిన పడ్డవాళ్ళు 1,62,637 మంది. చనిపోయినవాళ్ళు 1,05,786 మంది.

ఈ రెండు సంగతులూ ఒకచోట చదివితే, ఆ ఓడ వల్లే లక్షమంది పోయారనిపిస్తుంది. అలా రాసినవాళ్ళూ ఉన్నారు. అది సరికాదు, కారణం ముందుముందు చెబుతాను. అయినా పోర్ట్ హెల్త్ పనిలో ఉన్నవాడిగా నేను కొత్తగా చేరే డాక్టర్లకు మొదట చెప్పే కేసు ఇదే. ఓడలో రోగం ఉందా లేదా అన్న దాని మీద ఇక్కడ గొడవ పెద్దగా జరగలేదు. రోగం లేదని చెప్పాల్సింది ఎవరు అన్న దాని మీద జరిగింది. ఓడకు ప్రాటిక్, అంటే రోగభయం లేదని రేవులోకి వదిలే అనుమతి, ఇస్తూ మేం పెట్టే ప్రతి సంతకం వెనుకా ఆ ప్రశ్నే ఉంది.

ఒప్పందాలు కట్టేసిన చేతులు

జపాన్ ఏ దేశానికీ వలస కాలేదు. కానీ 1858లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, నెదర్లాండ్స్‌తో ఒత్తిడి కింద ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది. 1861లో ప్రష్యా కూడా అలాంటిదే సంపాదించుకుంది. తర్వాత ఏర్పడిన జర్మనీ అవే హక్కులు అనుభవించింది. వాటి ప్రకారం దిగుమతి సుంకాలను జపాన్ తనంతట తాను పెంచుకోలేదు. తన గడ్డ మీద తప్పు చేసిన విదేశీయుణ్ణి తన కోర్టుకు ఈడ్చలేదు. బ్రిటిష్ వాడి మీద కేసు ఆ రేవులో ఉండే బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి, అంటే కాన్సుల్ దగ్గరే నడవాలి, జర్మన్ మీద కేసు జర్మన్ కాన్సుల్ దగ్గరే నడవాలి.

ఇది ఎంత దూరం పోయిందో 1878లో యొకొహామాలో అందరూ చూశారు. హార్ట్‌లీ అనే బ్రిటిష్ వ్యాపారి నల్లమందు దొంగతనంగా దింపబోతూ కస్టమ్స్‌కు దొరికిపోయాడు. నల్లమందు దిగుమతి ఒప్పందంలోనే నిషేధం. అయినా అది మందుల తయారీకి వాడే సరుకని చెప్పి బ్రిటిష్ కాన్సులర్ కోర్టు అతన్ని వదిలేసింది. జపాన్ విదేశాంగ మంత్రి తెరాషిమా మునెనోరికి అది పెద్ద దెబ్బ. హెస్పీరియా గొడవ నాటికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

ఇక్కడొక తేడా గట్టిగా పట్టుకోవాలి, కేసంతా దాని మీదే తిరుగుతుంది. జపాన్ వాదన ఇది: మీ మనుషుల్ని విచారించి శిక్షించే హక్కు మీ కాన్సుల్‌కు ఇచ్చాం, సరే. అంతమాత్రాన మా చట్టం మీకు వర్తించదని ఒప్పందంలో ఎక్కడా లేదు. మా రేవులో మా నిబంధన పాటించాలి, తప్పితే మీ కాన్సులే శిక్ష వేయాలి. బ్రిటిష్ రాయబారి హ్యారీ పార్క్స్ దీన్ని ఒప్పుకోలేదు. తాను పరిశీలించి, నచ్చితే బ్రిటిష్ నిబంధనగా మళ్ళీ జారీ చేస్తేనే ఏ జపాన్ నిబంధనైనా బ్రిటిష్ వాళ్ళకు వర్తిస్తుందన్నది ఆయన పట్టు. అంటే జపాన్ రేవులో ఆరోగ్య నియమం పెట్టాలన్నా ముందు రాయబారి కార్యాలయంలో ఆమోదం పొందాలి. ఒక్కో దేశంతో విడివిడిగా పొందాలి. ఉత్తరాలు అటూ ఇటూ తిరిగేలోపు కలరా ఎక్కడుంటుందో ఈ పని చేసేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

1877లో అలాగే జరిగింది. చైనా తీరంలో అమోయ్ దగ్గర కలరా పుట్టిందని కబురు రాగానే జపాన్ హోం శాఖ అటు నుంచి వచ్చే ఓడలకు తనిఖీ నియమాలు సిద్ధం చేసింది. పార్క్స్ అడ్డు చెప్పాడు. కలరా వచ్చింది. అదే ఏడాది సత్సుమా ప్రాంతంలో సమురాయ్‌ల తిరుగుబాటును అణచి ఇళ్ళకు తిరిగి వస్తున్న సైనికులతో పాటు దేశమంతా తిరిగింది. ఎనిమిది వేలమంది దాకా చనిపోయారు.

1879లో ఏం జరిగింది

ఈసారి కలరా బయట నుంచి వచ్చిన ఓడతో మొదలు కాలేదు. మార్చిలోనే షికోకు దీవిలోని మత్సుయామాలో కనిపించింది. అక్కడి నుంచి క్యూషూకు, వేసవి నాటికి ఒసాకా, కోబేలకు పాకింది. తూర్పున టోక్యో, యొకొహామాలను కాపాడుకోవడం ఎలా అన్నది జూన్ చివరికి ప్రభుత్వం ముందున్న సమస్య.

మ్యాప్ ముందు పెట్టుకుంటే ఆ ఆలోచన ఎంత సబబో తెలుస్తుంది. ఒసాకా నుంచి టోక్యోకు ఇప్పుడున్న రైలు మార్గం అప్పటికి లేదు, అది 1889లో గానీ పూర్తి కాలేదు. పడమటి నుంచి తూర్పుకు జనమూ సరుకూ ఎక్కువగా కదిలేది ఓడల మీదే. కోబే నుంచి యొకొహామాకు స్టీమరులో ఒకటిన్నర రెండు రోజుల ప్రయాణం. కాలినడకన తొకైదో రోడ్డు మీద వచ్చేవాళ్ళను పూర్తిగా ఆపలేకపోయినా, సముద్రదారిని కొన్ని వారాలు బిగించి పడితే కలరా రాకను ఆలస్యం చేయవచ్చు. ఆ వ్యవధిలో బావులు, మరుగుదొడ్లు, ఆసుపత్రులు చూసుకోవచ్చు. క్వారంటైన్ నుంచి మేం ఎప్పుడూ ఆశించేది ఆ వ్యవధినే. రోగాన్ని పూర్తిగా ఆపేస్తుందని చెప్పి క్వారంటైన్ పెట్టేవాళ్ళు జనాన్ని మోసం చేస్తున్నట్టే.

జూలై మొదట్లో తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. కోబే వైపు నుంచి టోక్యో అఖాతంలోకి వచ్చే ఓడలన్నీ యొకొహామాకు దక్షిణంగా, యొకొసుకా పక్కన ఉన్న నాగౌరాలో ముందు లంగరు వేయాలి. నిర్ణీత రోజులు ఆగి, తనిఖీ అయ్యాకే యొకొహామాకు పోవాలి. నియమం స్వదేశీ ఓడలకూ విదేశీ ఓడలకూ ఒకటే. అమెరికా రాయబారి జాన్ బింగ్‌హామ్ వెంటనే సరేనన్నాడు. తన ప్రజల ఆరోగ్యం కాపాడుకునే నియమం పెట్టుకోవడం ఏ దేశానికైనా హక్కేనని, అమెరికన్ ఓడలు దాన్ని పాటించాలని ఆయన వైఖరి. అమెరికా రాజ్యాంగం 14వ సవరణ ముసాయిదాలో పెద్ద చెయ్యి ఆయనదే. చట్టం ముందు సమానత్వం గురించి ఇంట్లో మాట్లాడిన మనిషి బయట కూడా అదే మాట మీద నిలబడ్డాడు. ఆ రోజుల్లోనే అమెరికా మాజీ అధ్యక్షుడు గ్రాంట్ జపాన్‌లో పర్యటిస్తున్నాడు. కలరా వల్ల క్యోటో వైపు వెళ్ళాలన్న ఆలోచన మానుకున్నాడు.

పార్క్స్ ఒప్పుకోలేదు. జర్మనీ రాయబారి కార్ల్ ఫాన్ ఐజెన్‌డెకర్ కూడా ఒప్పుకోలేదు. ఆయన నౌకాదళం నుంచి వచ్చిన మనిషి.

ఈ దశలో కోబే నుంచి హెస్పీరియా వచ్చింది. నాగౌరాలో ఆపారు. ఐజెన్‌డెకర్ తమ డాక్టరు చేత ఓడను చూపించాడు. రోగులు లేరని డాక్టరు చెప్పాడు. కాబట్టి ఓడను వెంటనే వదలాలని రాయబారి కోరాడు. తెరాషిమా కుదరదన్నాడు. కొద్ది రోజులకే, అంటే జూలై మధ్యలో, గన్‌బోటు వోల్ఫ్ తోడుగా హెస్పీరియా నాగౌరా నుంచి కదిలి యొకొహామా చేరింది. జపాన్ నిరసన తెలిపింది. అంతకు మించి చేయగలిగింది లేకపోయింది. ఆపాలంటే కాల్పులు జరపాలి, జరిపితే యుద్ధం.

ఆ తనిఖీ విలువ ఎంత?

జర్మన్ డాక్టరు అబద్ధం చెప్పాడని నేను అనను. ఆయన చూసినప్పుడు ఓడలో రోగి ఎవరూ లేకపోయి ఉండవచ్చు. ఆ కాలంలో డాక్టరు చేయగలిగింది ఎంత? మనుషుల్ని డెక్ మీద నిలబెట్టి ముఖం, నాలుక, నాడి చూడటం. వాంతులు, విరేచనాలు అయ్యాయా అని అడగటం. కింద బంకుల్లో ఎవరైనా పడుకుని ఉన్నారేమో వెతకటం. కలరా క్రిమిని జర్మన్ శాస్త్రవేత్త కాఖ్ గుర్తించడానికి ఇంకా నాలుగైదేళ్ళు ఉంది. రోగం మనిషి నుంచి వస్తుందా, నేల నుంచి, గాలి నుంచి వస్తుందా అన్న దాని మీదే యూరప్‌లో పెద్ద డాక్టర్లు రెండు వర్గాలుగా చీలి ఉన్నారు.

ఇప్పుడు మనకు తెలిసింది పెట్టి చూద్దాం. కలరా పొదిగే కాలం కొన్ని గంటల నుంచి ఐదు రోజులు. కోబే నుంచి ప్రయాణం రెండు రోజుల లోపే. కోబేలో బయలుదేరే రోజు కలుషితమైన నీళ్ళు తాగిన మనిషి నాగౌరాలో నాడి చూపించేటప్పుడు నిక్షేపంగా ఉండవచ్చు, యొకొహామాలో దిగి సత్రం చేరాక పడిపోవచ్చు. పైగా కలరా సోకినవాళ్ళలో ఎక్కువమందికి లక్షణాలే ఉండవు, ఉన్నా స్వల్పం. వాళ్ళ మలంలో మాత్రం క్రిమి బయటికి పోతూనే ఉంటుంది. కోబేలో నింపుకున్న తాగునీళ్ళ పీపాలు, ఓడ అడుగున చేరే బిల్జ్ నీళ్ళు, మరుగుదొడ్ల నుంచి సరాసరి రేవు నీళ్ళలోకి పోయే మురుగు, ఒడ్డున చాకలికి వేసే పక్కబట్టలు, వీటిలో దేన్నీ నాడి పట్టి కనిపెట్టలేం. అందుకే ఒక్కసారి చూసి క్లీన్ అనడానికీ, కొన్ని రోజులు ఆపి మళ్ళీ చూడటానికీ హస్తిమశకాంతరం. జపాన్ అడిగింది రెండోది. ఆ విషయంలో అప్పటి సైన్సు ప్రకారం చూసినా, ఇప్పటి సైన్సు ప్రకారం చూసినా జాగ్రత్త వాళ్ళ వైపే ఉంది.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకోటుంది. ఓడ త్వరగా వెళ్తే లాభపడేది ఎవరో, ఓడను పరీక్షించిన డాక్టరును పంపింది కూడా వాళ్ళే. ఈ ఒత్తిడి మాకు కొత్త కాదు. ఓడ ఒక రోజు ఆగితే ఎంత నష్టమో ఏజెంట్ ఫోన్‌లో చెబుతాడు, సరుకు యజమాని చెబుతాడు, కొన్నిసార్లు పైనుంచి కూడా కాల్ వస్తుంది. కంపెనీ డాక్టరు ముందే చూశాడు కదా, మళ్ళీ ఎందుకండీ అంటారు. ఆ డాక్టరు రిపోర్టు తీసుకుంటాం, చదువుతాం, అది సమాచారం. నిర్ణయం మాత్రం రేవు తరఫున ఉన్న ఆఫీసరుదే. నాగౌరాలో ఈ సరిహద్దు చెరిగిపోయింది.

రాయబారులు ఎందుకు అంత పట్టుబట్టారు

వాళ్ళను దుర్మార్గులుగా చూపించి ఊరుకుంటే కేసు అర్థం కాదు. వ్యాపారం ఒక కారణం, అది పైకి కనిపించేదే. దాని కింద పూర్వోదాహరణ భయం ఉంది. ఈరోజు క్వారంటైన్ విషయంలో జపాన్ చట్టం విదేశీయుడికి నేరుగా వర్తిస్తుందంటే, రేపు పోలీసు నియమం, ఎల్లుండి పత్రికల చట్టం, ఆ తర్వాత కాన్సులర్ కోర్టుల పునాదే కదులుతుంది. ఒప్పందాల సవరణ కోసం జపాన్ గట్టిగా ప్రయత్నిస్తున్న సమయం అది. 1878లో అమెరికాతో సుంకాల మీద కొత్త ఒప్పందం కుదిరింది కూడా. కానీ మిగతా దేశాలు ఒప్పుకుంటేనే అమలవుతుందన్న షరతు వల్ల అది కాగితం మీదే ఉండిపోయింది.

బ్రిటన్‌కు ఇంకో లెక్క ఉంది. సొంత రేవుల్లో అది క్వారంటైన్‌ను వదిలేసి వైద్య తనిఖీ పద్ధతికి మారుతోంది. రోజుల తరబడి ఓడల్ని ఆపడం పాతకాలపు పద్ధతని దాని వాదన. ఆ వాదనలో కొంత నిజాయితీ ఉంది. కానీ అది బ్రిటిష్ ఇండియా ఓడల ప్రయోజనంతో చక్కగా కలిసిపోయింది కూడా. సూయజ్ దగ్గర బొంబాయి ఓడల్ని ఆపినప్పుడల్లా బ్రిటన్ ఇదే మాట చెప్పింది. అటు అలెగ్జాండ్రియా, ఇస్తాంబుల్, టాంజియర్‌లలో అప్పటికే క్వారంటైన్ బోర్డుల్లో యూరప్ దేశాల ప్రతినిధులు కూర్చుని స్థానిక ప్రభుత్వం పక్కన తామూ నిర్ణయాలు చేస్తున్నారు. ఆసియా రేవులో ఆరోగ్య నియమమంటే అందులో తమ ఓటు ఉండాలన్నది అప్పటికి వాళ్ళకు అలవాటైపోయిన ఆలోచన. జపాన్ ఆ దారి పట్టలేదు. విదేశీ డాక్టర్ల సలహా తీసుకుంది. 1879 జూలైలోనే ఏర్పాటైన కేంద్ర ఆరోగ్య మండలిలో వాళ్ళకు చోటిచ్చింది. ఆదేశించే అధికారం మాత్రం ఎవరికీ వదల్లేదు. హోం శాఖలో ఆరోగ్య విభాగాన్ని నడిపిన నగాయో సెన్సాయ్ కాలంలో జరిగిన ఈ పని నాకు చాలా గౌరవం కలిగిస్తుంది.

అయితే జపాన్ వైపు కూడా లోటుంది. 1877 తర్వాత రెండేళ్ళ సమయం దొరికింది. శాశ్వత నియమాలు ఆ వ్యవధిలో పూర్తి కాలేదు. హెస్పీరియా వచ్చేటప్పటికి చేతిలో ఉన్నది హడావుడిగా రాసిన తాత్కాలిక ఉత్తర్వు. పూర్తి స్థాయి నియమావళి జూలై 14న వచ్చింది, వారం తిరిగేసరికి దాన్నీ సవరించారు. నియమం పాతదై, అందరికీ తెలిసినదై, ఇదివరకు పదిమందికి అమలైనదై ఉంటే ఎదుటివాడికి కాదనడం కష్టం. వారం వారం మారే నియమాన్ని ఎవరైనా బేరమాడతారు. ఆ ఆలస్యానికి సగం కారణం రాయబారుల అడ్డంకులేనన్నది కూడా మరవకూడదు.

రేవు బయట ఉన్న జనం

దౌత్య ఉత్తరాల్లో కనబడనిది ఊళ్ళలో జరుగుతోంది. కలరా వచ్చిన ఇంటి తలుపుకు చీటీ అంటించేవారు. పోలీసులు వచ్చి రోగిని విడి ఆసుపత్రికి మోసుకుపోయేవారు. వెళ్ళినవాళ్ళు చాలావరకు తిరిగి వచ్చేవాళ్ళు కాదు, అందుకే జనానికి ఆ ఆసుపత్రి అంటే హడల్. 1877లో చిబా ప్రాంతంలోని కమొగావాలో గ్రామస్తులు ఒక డాక్టర్ని చంపేశారు. 1879 ఆగస్టులో నీగాతాలో అల్లర్లు లేచాయి. ఒక సామాన్యుడి ఇంట్లోకి పోలీసు వచ్చి బలవంతంగా తండ్రినో బిడ్డనో తీసుకుపోతున్న నెలల్లోనే, ఒక విదేశీ ఓడ అదే ప్రభుత్వం మాట కాదని రేవులోకి వెళ్ళింది. ఇందులో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. నియమం బలహీనుడి మీద పూర్తిగా, బలవంతుడి మీద వీలైతే అమలైతే, రెండోసారి జనం మన మాట వినరు.

దీనికి పూర్తిగా తలకిందులైన సంఘటన మన వైపే ఉంది. 1856 జనవరిలో కలకత్తా నుంచి కూలీలతో వెళ్ళిన హైదరీ, ఫత్తే ముబారక్ అనే ఓడల్ని మారిషస్ ప్రభుత్వం రేవులోకి రానీయలేదు. రెండేళ్ళ క్రితం 1854లో కలరా అక్కడ వేలమందిని బలిగొంది, ఆ భయం అందరిలో ఉంది. ఓడల్లోని మనుషుల్ని ఉత్తరాన ఉన్న చిన్న దీవుల మీద దించారు. చాలినంత నీడ లేదు, తిండి లేదు, నీళ్ళు లేవు. వందలమంది అక్కడే చనిపోయారు. ఇండియా ప్రభుత్వం దీని మీద గట్టిగా నిలదీసి, మారిషస్‌కు వలసను కొంతకాలం ఆపేసింది. రెండూ ఒకే సామ్రాజ్యంలోని ప్రభుత్వాలు, అయినా గొడవ దౌత్య వివాదం లాగే నడిచింది. కోరింగ, విశాఖ తీరాల నుంచి మారిషస్ వెళ్ళిన మన తెలుగువాళ్ళు ఎక్కింది కూడా ఇలాంటి కూలీ ఓడలే. ఆ కూలీల తరఫున గన్‌బోటు ఏదీ రాలేదు. అక్కడ క్వారంటైన్ అమలైంది, మనుషుల ప్రాణాల సంగతే ఎవరికీ పట్టలేదు. హెస్పీరియాను మాత్రమే చదివినవాళ్ళు కఠినంగా అమలు చేయడమే పరిష్కారమనుకుంటారు. అందుకే శిక్షణలో ఈ రెండు కేసుల్నీ కలిపే చెబుతాను.

తర్వాత

ఓడ వల్లే తూర్పున కలరా వచ్చిందనడానికి ఆధారం లేదు. రోగం మార్చి నుంచే దేశంలో ఉంది, రోడ్ల మీదా చిన్న పడవల మీదా కదులుతూనే ఉంది. హెస్పీరియా ప్రయాణికుల నుంచి ఫలానా చోట మొదలైందని చూపే గొలుసు ఏదీ మనకు లేదు. నష్టం వేరే రూపంలో జరిగింది. సముద్రదారిని బిగించి పట్టే ప్రయత్నం, గట్టిగా మొదలయ్యేలోపే అందరి కళ్ళ ముందు విఫలమైంది. 1886లో మళ్ళీ కలరా వచ్చి 1,08,405 మందిని తీసుకుపోయింది, ఆ ఏడు విదేశీ ఓడతో పెద్ద గొడవేమీ లేకుండానే. ఈ అంకె పక్కన పెట్టి చూస్తేనే రేవు దగ్గర ఎంత చేయగలం, ఊళ్ళో నీళ్ళు బాగుచేస్తే ఎంత చేయగలం అన్న లెక్క నిజాయితీగా వేయగలం.

తెరాషిమా 1879 సెప్టెంబరులో విదేశాంగ శాఖ వదిలాడు. సుంకాల చర్చలు ముందుకు సాగకపోవడం అసలు కారణం. ఆయన చోట్లోకి ఇనోఉవే కఓరు వచ్చాడు. పత్రికలకూ చదువుకున్న జనానికీ మాత్రం హెస్పీరియా గుర్తుండిపోయింది. కాన్సులర్ కోర్టులు పోవాలనేది మంత్రుల గదుల్లో తేలే న్యాయ వివాదమే కాదు, మన పిల్లల ప్రాణాల విషయం అని చెప్పడానికి అది పనికొచ్చింది. 1894 జూలైలో బ్రిటన్‌తో కొత్త ఒప్పందం కుదిరింది, 1899 జూలైలో అమల్లోకి వచ్చింది, విదేశీ కోర్టులు పోయాయి. జపాన్ సొంత రేవు క్వారంటైన్ చట్టం కూడా 1899లోనే వచ్చింది. అప్పటికి క్వారంటైన్ స్టేషను నాగౌరా నుంచి నాగహామాకు మారింది. అదే ఏడాది అక్కడ కుర్ర డాక్టరుగా ఉన్న నొగుచి హిదెయో, అమెరికా మారు అనే ఓడలో ప్లేగు రోగిని పట్టుకున్నాడు. తర్వాత ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఆ శాస్త్రవేత్త అప్పుడు చేసింది రేవు డాక్టరు మామూలు డ్యూటీయే. ఇరవై ఏళ్ళ ముందు అదే అఖాతంలో అదే డ్యూటీ చేసే అధికారం ఏ జపాన్ డాక్టరుకూ పూర్తిగా లేదు.

2020 ఫిబ్రవరిలో డైమండ్ ప్రిన్సెస్ అనే విహారనౌక 3,711 మందితో యొకొహామాకే వచ్చింది. బ్రిటిష్ జెండా, అమెరికన్ యాజమాన్యం, పదుల దేశాల మనుషులు, అందులో మనవాళ్ళూ ఉన్నారు. ఆపే అధికారం జపాన్‌కు ఉందా అని ఎవరూ అడగలేదు. వచ్చిన ప్రశ్నలు వేరు: లోపల ఉన్నవాళ్ళను ఎలా చూశారు, సిబ్బంది చేత పని చేయిస్తూ ఉంటే అది క్వారంటైన్ ఎలా అవుతుంది, దించి ఒడ్డున పెట్టాల్సిందా అని. 712 మందికి కోవిడ్ తేలింది. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో ఈ రెండు వైపులా ఉన్నాయి. ఓడను ఆపవచ్చు, కానీ ఆపిన కారణం చూపాలి, జెండాను బట్టి తేడా చూపకూడదు, ఆపిన మనుషులకు తిండి, నీళ్ళు, వైద్యం, గౌరవం ఇవ్వాలి. ప్రభుత్వాల మధ్య తేడా వస్తే చర్చతో తేల్చుకునే పద్ధతి కూడా అందులోనే రాసి ఉంది. మా ఫారాల్లో కెప్టెన్ హెల్త్ డిక్లరేషన్ ఒక కాగితం, ఓడ డాక్టరు సంతకం అందులో ఒక గడి. ప్రాటిక్ వేరే కాగితం, దాని మీద రేవు ఆఫీసరు సంతకం ఒక్కటే ఉంటుంది. ఓడ ఆపినప్పుడు ఆ సంతకం చేయని కారణాన్ని అదే రోజు, గంటతో సహా, రాసి ఏజెంటు చేతికివ్వమని కొత్త డాక్టర్లకు చెబుతాను.